సిడ్ వాడుతున్నారా? అప్‌డేట్‌కి వారంలో ఒక పూట పెట్టుకోండి

ఒంగోలు, కావలి వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలు డెబియన్ అనే లైనక్స్‌లో సిడ్ రకం వేసుకుని, "అన్నా, పొద్దున్నే అప్‌డేట్ చేశాను, సాయంత్రానికి మళ్ళీ యాభై ప్యాకేజీలు చూపిస్తోంది, ఏమన్నా తేడా కొట్టిందా?" అని అడుగుతుంటారు. ఏ తేడా లేదు. సిడ్ అంటే డెబియన్ అన్‌స్టేబుల్. డెవలపర్లు కొత్త వెర్షన్‌ని ముందు పంపేది అక్కడికే, ఆర్కైవ్‌లోకి రోజుకి 4 సార్లు కొత్త సరుకు దిగుతుంది. దిగిందల్లా ఆ పూటే ఎక్కించుకోవాలని లేదు.

వారానికోసారి చాలు. ఆదివారం పొద్దున లాంటి తీరిక టైమ్ చూసుకోండి, ప్రాజెక్ట్ సబ్‌మిట్ చేసే ముందు రాత్రి మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. అలాగని నెలల తరబడి వదిలేస్తే ఒకేసారి వచ్చిపడి ఇంకా చిక్కు.

డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే, తీసే టూల్ పేరు ఆప్ట్. దానికి తోడుగా ముందు ఆప్ట్-లిస్ట్‌బగ్స్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ఎక్కబోయే వెర్షన్‌లో పెద్ద బగ్ ఎవరైనా రిపోర్ట్ చేసి ఉంటే అక్కడే ఆపి అడుగుతుంది. ఆప్ట్ అప్‌డేట్ తర్వాత ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టండి, అది ఉన్న ప్యాకేజీని తీసెయ్యదు. ఫుల్-అప్‌గ్రేడ్ అయితే అవసరమనుకుంటే తీసేస్తుంది, జాగ్రత్త అంతా దీని దగ్గరే. వై నొక్కే ముందు తెరమీద రిమూవింగ్ అని ఎర్రగా కనపడే వరసని ఒక్కో పేరూ చదవండి. అందులో గ్నోమ్-షెల్లో, నెట్‌వర్క్-మేనేజరో కనపడిందా, ఎన్ నొక్కి లేచిపోండి. ఏదో ఒక లైబ్రరీ (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్) మారుతూ మిగతావి ఇంకా దాన్ని అందుకోలేదన్నమాట, సాధారణంగా కొన్ని రోజుల్లో అదే సర్దుకుంటుంది.

మొబైల్ డేటా మీద బతికేవాళ్ళు డౌన్‌లోడ్-ఓన్లీ ఆప్షన్‌తో రాత్రే దించుకుని తీరిగ్గా ఎక్కించుకోవచ్చు. నెల్లూరులో తుఫాన్ల రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఆ వారం మానెయ్యండి. మధ్యలో పోయిందా, టెన్షన్ వద్దు, డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ కొడితే చాలాసార్లు ఆగినచోటి నుంచి అందుకుంటుంది.

సెక్యూరిటీ సంగతి వేరు, దానికి వారం ఆగకూడదు. 2024 మార్చిలో ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడినప్పుడు, ఆ 5.6.0, 5.6.1 వెర్షన్లు స్టేబుల్ అనే నిలకడైన డెబియన్‌కి చేరలేదు గానీ సిడ్‌లో అప్పటికే ఉన్నాయి, దిద్దిన ప్యాకేజీ కూడా మామూలు అప్‌డేట్‌గానే వచ్చింది. అలాంటి వార్త విన్న రోజే అప్‌డేట్ చెయ్యాలి.

ఎక్కించాక ఏదైనా చెడితే వర్ అనే ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, అక్కడి హిస్టరీ ఫైల్ చూడండి, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి మారిందో ఉంటుంది. పాత వెర్షన్ డెబియన్ స్నాప్‌షాట్ సైట్‌లో దొరుకుతుంది, వేసుకుని ఆప్ట్-మార్క్ హోల్డ్ పెట్టండి, అప్పుడది ఆ వెర్షన్ దగ్గరే ఆగుతుంది. బగ్ తీరాక అన్‌హోల్డ్ చెయ్యండి, లేకపోతే ఆ ఒక్క ప్యాకేజీ అడ్డంపడి దానితో ముడిపడ్డవి కదలకపోవచ్చు.