తెరచాప చూడని పిల్లలకు లోవెల్ నార్త్ కథ చెప్పాలంటే

సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం అనగానే మా అనంతపురం బడుల్లో విశ్వేశ్వరయ్య గారిని దాటి ఎవరూ వెళ్లరు. ఆయనంటే నాకు గౌరవమే. అయినా ఈ ఏడు లోవెల్ నార్త్ గురించి చెప్పి చూడండి. తెరచాపలు కుట్టిన అమెరికా ఇంజనీరు, ఒలింపిక్ విజేత.

1929లో పుట్టాడని మాత్రం మొదలుపెట్టకండి, వెనక బెంచీ నిద్రపోతుంది. ముందు బల్ల మీద ఫ్యాను పెట్టండి. తేలికగా దొర్లే బొమ్మ కారుకు నిలువుగా పుల్ల బిగించి పోస్టుకార్డు అంటించండి. కారు గాలికి అడ్డంగా, కార్డు ఏటవాలుగా ఉండాలి. స్విచ్ వేస్తే కారు గాలి పోయే దిక్కుకు కాక తన ముక్కు వైపు కదులుతుంది. పక్కకు జరగకుండా చక్రాలు పట్టుకుంటాయి. పడవకు ఆ పని నీటి కింది పలక చేస్తుంది. ఇక ముక్కును కొంచెం కొంచెంగా ఫ్యాను వైపు తిప్పండి. ఒక కోణం దాటితే కదలదు. అసలు పడవా అంతే: గాలికి సూటిగా ఎదురు పోలేదు, సుమారు 45 డిగ్రీల వాలులో అటూ ఇటూ మళ్లుతూ ముందుకు సాగుతుంది.

తర్వాత కార్డును కాస్త వంచి మళ్లీ చేయించండి. ఒకసారికి ఒక్క మార్పే. కారు కదలడం మానే కోణం కొలిచి రాయాలి. నార్త్‌ను ప్రవేశపెట్టాల్సింది ఇప్పుడే. చదునైన గుడ్డకు వంపు ఎలా వస్తుంది? జాకెట్టుకు దర్జీ డార్టులు వేసినట్టే, ముక్కల అంచులను వంపుగా కత్తిరించి కలిపి కుట్టాలి. 1950ల చివర్లో శాన్‌డియాగోలో ఆయన మొదలుపెట్టిన సంస్థ ఈ పనిని అంచనాల నుంచి కొలతలకు, తర్వాత కంప్యూటర్లకు మళ్లించింది.

పతకాలకు రెండు వాక్యాలు చాలు: 1964 టోక్యో ఒలింపిక్స్‌లో డ్రాగన్ తరగతి పడవల పోటీలో కాంస్యం, 1968లో పీటర్ బారెట్‌తో కలిసి స్టార్ తరగతి పడవల పోటీలో స్వర్ణం. మెక్సికో ఒలింపిక్స్ పడవ పోటీలు అకపుల్కోలో ఎందుకు జరిగాయో పటం చూసి పిల్లలే చెప్పాలి.

"సముద్రం లేని మనకెందుకు సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. మన దగ్గరి రామగిరి గాలిమరలను చూపించండి. ఆ రెక్కలను తిప్పేదీ రెండు వైపులా ఉండే ఒత్తిడి తేడాయే. ఆడపిల్లలకు ఇంకో మాట: నార్త్ 1964లో పోటీపడ్డ జపాన్‌లోని ఎనోషిమాలోనే 2021లో చెన్నై అమ్మాయి నేత్ర కుమనన్ పోటీ చేసింది. ఒలింపిక్ సెయిలింగ్‌లో భారత్ నుంచి తొలి మహిళ. అప్పట్లో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థిని.

ప్రయోగానికి ముందు సీలింగ్ ఫ్యాను ఆపి, కిటికీలు మూయించండి. లేకపోతే పిల్లలు కొలిచిన కోణాలు ఏ రెండూ కలవవు.