పొలాల మీదికి భారీ గృహనిర్మాణం వస్తుంటే ఊరివారు చేయవలసిన పని

ఇంగ్లండులో ఊరి అంచునున్న పొలాల్లో వందల ఇళ్లు కట్టడానికి దరఖాస్తు పడిందని తెలిసిన రోజే దాని నకలు, పటాలు సంపాదించి, అభ్యంతరాల గడువు ఎప్పటితో ముగుస్తుందో చూసుకోవాలి. ఆ గడువు సాధారణంగా 21 రోజులే కాబట్టి, ఊరివారు కలిసి పెట్టుకునే సంఘానికి పేరు, పదవుల పంపకం వంటివాటితో కాలయాపన చేయకూడదు.

అభ్యంతరం దేనిమీద ఆధారపడాలన్నదే అసలు విషయం. ఇంటి విలువ పడిపోతుందని, కిటికీలోంచి కనిపించే పచ్చదనం పోతుందని చేసే వాదనలను, ఆ బాధ ఎంత నిజమైనదైనా సరే, అక్కడి ప్రణాళికా విధానం లెక్కలోకి తీసుకోదు. వరద ముప్పు, రోడ్డు భద్రత, వన్యప్రాణుల ఆవాసాలు వంటివాటిని తీసుకుంటుంది. అందుచేత ఆధారాలను మీరే సేకరించాలి. పెద్ద వాన కురిసిన మర్నాడు పొలానికి వెళ్లి, నీళ్లు ఎక్కడ నిలిచాయో, కంచె గుంజకు బురద ఎంత ఎత్తున అంటుకుందో, కొలబద్ద ఆనించి, తేదీతో సహా ఫొటో తీసి పెట్టుకోండి. దరఖాస్తులోని వరద నివేదిక అదే చోటును పొడినేలగా చూపిస్తే, ఆ ఒక్క ఫొటో వంద సంతకాలకన్నా బరువైన సాక్ష్యమవుతుంది.

ఒకే నమూనా ఉత్తరాన్ని అందరిచేతా పంపించడంకన్నా, ఎవరికి తెలిసిన సంగతిని వారు సొంత మాటల్లో రాయడమే మేలని నా అభిప్రాయం. ఇళ్లు నిజంగా అవసరమైనవారు ఎందరో ఉన్నారు కనుక, వాడకం లేక పడివున్న పాత కర్మాగారాల స్థలాల వంటివి దగ్గరలో ఉంటే వాటిని ప్రత్యామ్నాయంగా చూపండి. నిర్ణయం తీసుకునే సమావేశంలో మాట్లాడడానికి తరచుగా కొద్ది నిమిషాలే దొరుకుతాయి కాబట్టి, ముందుగానే పేరు నమోదు చేసుకుని, ఒకటి రెండు అంశాలకే పరిమితం కండి.