కువైట్‌కు పోయే మన సంఘం పిల్లలకు, మొదటి శ్రమదినాల (ఈస్టరు ముందు వచ్చే ఉపవాసపు రోజుల) గురించి

2025 మార్చిలో ఒక రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. కువైట్‌లో అప్పుడు పన్నెండు. చిత్తూరులో మా గుడికి వచ్చే పిల్లోడు, ఇంటి డ్రైవరుగా పోయి మూడు నెలలు కూడా కాలేదు. "అన్నా, బండి ఫుట్‌పాత్ మీదికి ఎక్కించేసినా. కన్ను మూతపడింది" అన్నాడు. మనిషికేం కాలేదు, టైరు పగిలింది. ఎంతసేపు పడుకున్నావురా అంటే రెండు గంటలన్నాడు. ఏం తిన్నావురా అంటే మాట లేదు. మళ్ళీ అడిగితే, "శ్రమదినాలు కదన్నా, ఒక్కపొద్దు ఉండా" అన్నాడు.

పదిహేను నిమిషాలు తిట్టాను. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళ ముందు కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు నేను చేసిన పనీ అదే మరి. తెల్లారేసరికి కోపం తగ్గింది గానీ, ఇదంతా ఒకచోట రాసి పెట్టాలనిపించింది. మన చిత్తూరు, తిరుపతి, మదనపల్లె సంఘాల నుంచి ఎవరో ఒకరు బయలుదేరుతూనే ఉంటారు. గుడిలో పేరు చదివి, ప్రార్థన చేసి పంపిస్తాం. అక్కడ శ్రమదినాలు ఎట్లా గడుస్తాయో మాత్రం ఎవరూ చెప్పరు.

వీసా, మెడికల్, చెన్నై ఎయిర్‌పోర్టు సంగతులు ఏజెంటు చెప్తాడు, లేకపోతే ముందే పోయిన మీ బావ చెప్తాడు. అవి రాయను. సివిల్ ఐడి, అంటే అక్కడి గుర్తింపు కార్డు, వచ్చిన రోజు నుంచి జేబులోనే ఉండాలి, గుడికి పోయేటప్పుడు కూడా.

ముందు వారం లెక్క మార్చుకో. అక్కడ సెలవు శుక్రవారం, శనివారం. ఆదివారం ఆఫీసులు, బడులు అన్నీ నడుస్తాయి. అందుకే తెలుగువాళ్ళయినా, మలయాళీలయినా, పెద్ద ఆరాధన పెట్టుకునేది శుక్రవారమే. కేథలిక్ గుళ్ళలోనూ శుక్రవారమే జనం. నేను దిగిన మొదటి ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుని, బాబాను, అంటే ఇంటి యజమానిని, బతిమాలి రెండు గంటలు అడిగి తీసుకుని గుడి దగ్గరికి పోతే, మనవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరినైనా అడిగేదానికి భాష రాదు. గేటు దగ్గర కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను. వారం తిరక్కముందే మళ్ళీ సెలవు అడిగే ముఖం లేక, తర్వాతి శుక్రవారం కూడా పోలేదు.

కువైట్ సిటీలో ఖిబ్లా అనే చోట పాత మిషన్ కాంపౌండు ఉంది, నేషనల్ ఇవాంజెలికల్ చర్చి అంటారు. ఒకే ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు గంటల లెక్కన హాళ్ళు పంచుకుంటాయి. మన గంట అయిపోయేసరికి ఇంకో భాషవాళ్ళు పాటల పుస్తకాలు పట్టుకుని తలుపు బయట నిలబడి ఉంటారు. ఆశీర్వాదం అయ్యాక మన ఊర్లో మాదిరి చెట్టు కింద చేరి గంటసేపు మాట్లాడుకోవడం కుదరదు. ఊరి కబుర్లు కావాలంటే కువైట్ సిటీలోనే మాలియా అనే చోటికి పోవాల్సిందే, అక్కడ మనవాళ్ళు దొరుకుతారు.

ఆ కాంపౌండు గురించి ఒక మాట. మన చిత్తూరు, మదనపల్లె, పలమనేరు ప్రాంతంలో గుళ్ళు, బడులు పెట్టిన ఆర్కాటు మిషన్ గుర్తుందా? 1853లో స్కడ్డర్ అన్నదమ్ములు మొదలుపెట్టింది. అది అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ళది. కువైట్‌లో ఆసుపత్రి కట్టి ఈ సంఘానికి పునాది వేసింది అరేబియన్ మిషన్. 1889లో మొదలై, 1894లో అదీ ఆ చర్చి కిందికే వచ్చింది. కువైట్ మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక డాక్టరు ఇంటిపేరు కూడా స్కడ్డరే. ఆ ఆసుపత్రి కట్టడం సముద్రం ఒడ్డున ఇప్పటికీ ఉంది, అమెరికానీ అంటారు. ఇప్పుడది సాంస్కృతిక కేంద్రం. ఆ రోడ్డు మీద మామాను, అంటే ఇంటి యజమానురాలిని, ఎన్నిసార్లు తీసుకుపోయానో లెక్కలేదు. ఈ సంగతి మాత్రం తిరిగొచ్చే ఏడాది తెలిసింది. ముందే తెలిసుంటే ఆ గేటు దగ్గర అంత బెదిరిపోయేవాణ్ణి కాదేమో.

సరే, అసలు సంగతికి వస్తా.

చిత్తూరులో శ్రమదినాలంటే మనం ఒంటరిగా చేసేది ఏమీ లేదు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. సాయంత్రమైతే ఒకరోజు గ్రీమ్స్‌పేటలో ఒకరింట్లో, ఇంకోరోజు మిట్టూరులో ఇంకొకరింట్లో కూటం. పాస్టరు అయ్యగారికి వీలుకాకపోతే సంఘ పెద్ద వాక్యం చెప్తాడు, కొంచెం ఎక్కువసేపే చెప్తాడు. ఒక్కపొద్దు ఉన్నవాళ్ళకు ఆ ఇంటివాళ్ళే ఉప్మా పెడతారు. అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గుడికని పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. మాల వేసుకునే అలవాటున్న పక్కింటాయన "ఎన్నో రోజబ్బా?" అని అడుగుతాడు, ఆయన నియమం ఆయనకుంది కాబట్టి మనది ఆయనకు తెలుసు. నువ్వు పస్తున్నావని వీధికంతా తెలుసు. అందుకే ఆ ఆకలి అంత కష్టంగా ఉండదు.

అక్కడ ఎవరికీ తెలీదు. మనవాడు మొండిగా ఎవరికీ చెప్పడు. ఇక్కడి నియమం మొత్తం మూటగట్టుకుని పోయి, ఆ ఇంటి వెనక గదిలో ఒక్కడే మోస్తాడు. దానికి తోడు రంజాన్.

రంజాన్ చంద్రుడి లెక్క, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మన ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఈ మధ్య ఏళ్ళలో రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నా మొదటి ఏడు 2023లో భస్మ బుధవారం ఫిబ్రవరి 22న వచ్చింది, రంజాన్ మార్చి 23న మొదలైంది, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 7. నాకు నాలుగు వారాలైనా ఊపిరి తీసుకునే వీలు దొరికింది. ఆ పిల్లోడికి 2025లో రంజాన్ మార్చి 1, భస్మ బుధవారం మార్చి 5. మొదటి రోజు నుంచే రెండూ నెత్తిన పడ్డాయి.

రంజాన్‌లో పగలు పడుకుని రాత్రి పనిచేస్తారులే అనుకుంటారు ఊర్లో. పగలు పిల్లల బడి ఉంటుంది, సరుకులు ఉంటాయి. రాత్రి ఇఫ్తార్ అయ్యాక చుట్టాల ఇళ్ళు, దివానియాలు (మగవాళ్ళు చేరి మాట్లాడుకునే చోట్లు), షాపింగు. సహూర్ దాకా, అంటే తెల్లవారుజాము తిండి దాకా, బండి ఆగదు. నిద్ర ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది, అదీ సీట్లోనే. ఇంట్లో తిండి పెట్టేది ప్రధానంగా రెండు పూటలు, పొద్దు గూకాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. రెండుసార్లూ మాంసమే. నువ్వు 40 రోజులు మాంసం ముట్టనంటావు, బుధ, శుక్రవారాలు ఒక్కపొద్దంటావు. మిగిలేది ఖుబ్బూస్ రొట్టె, పెరుగు, ఖర్జూరం. ఆ కడుపుతో, ఆ నిద్రతో, రాత్రి రెండింటికి 120లో పోయే రోడ్డు మీద బండి తోలతావా? వెనక సీట్లో వాళ్ళ పిల్లలను పెట్టుకుని?

బండి తోలే రోజు ఒక్కపొద్దు వద్దు. ఇందులో చర్చ లేదు. పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకు, నిచ్చెన ఎక్కి అద్దాలు తుడిచేవాళ్ళకు, ముసలివాళ్ళను ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళకు కూడా ఇదే మాట. అమ్మకు మాట ఇచ్చుంటే, మీ అమ్మతో నేను మాట్లాడతాను, నంబరు పంపించు. ఫోన్‌లో సినిమాలు మానేయ్, చక్కెర లేకుండా టీ తాగు, శుక్రవారం కూరకు పెట్టే డబ్బు పక్కన పెట్టు, మానేసేదానికి ఎన్ని లేవు? నిద్ర మాత్రం మానొద్దు. దివానియా బయట గంట దొరికితే తోటి డ్రైవర్లతో పేకాట చూస్తూ కూర్చోవద్దు, సీటు వెనక్కి వాల్చి పడుకో. నిద్ర గురించి ఇంతగా చెప్తున్నానని నవ్వుకుంటారు. నవ్వుకోండి. ఆ పిల్లోడు ఎక్కించింది ఫుట్‌పాత్ కాబట్టి సరిపోయింది.

ఇంకొకటి, రంజాన్ పగటిపూట నలుగురిలో తినడం, తాగడం చట్టం ఒప్పుకోదు, నువ్వు ఏ మతమైనా సరే. బండిలో కూర్చుని తాగినా నలుగురికి కనబడితే ఇబ్బందే. తినాలన్నా తాగాలన్నా నీ గదిలో, తలుపేసుకుని.

నా 2023 గుడ్ ఫ్రైడే చెప్తాను. గుడికి వస్తానని మన సంఘం అన్నతో గట్టిగా చెప్పాను. పొద్దున్నే మామా వాళ్ళ అక్క ఇంటికి పోవాలంది. బయట బండిలో కూర్చున్నాను. చిత్తూరులో పన్నెండుకు మొదలయ్యే మూడు గంటల ఆరాధన అక్కడ తొమ్మిదిన్నరకే వస్తుంది. మన గుడి పిల్లలు లైవ్ పెట్టారు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటి మాట, రెండో మాట, మూడో మాట విన్నాను. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" దగ్గర నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి అయిదో మాట నడుస్తోంది, "నేను దప్పిగొనుచున్నాను." నా నోరు పిడచకట్టుకుపోయి ఉంది. నీళ్ళ సీసా డోరులోనే ఉంది. పక్కనే మసీదులోకి జుమ్మా నమాజుకు జనం పోతున్నారు. సీసా చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేశాను. భక్తి ఏమీ కలగలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలీదు.

ఆ రాత్రి భోజనం ప్లేటు వెనక్కి పంపాను. మామా నొచ్చుకుంది, నా చేతి తిండి వీడికి సరిపోదా అని. ఆమె అత్తగారు, ముసలామె, నన్ను పిలిచి ఏమైందని అడిగింది. అప్పటికి నాకు వచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలు. "అన మసీహి. అన సాయిమ్" అన్నాను. నేను క్రైస్తవుణ్ణి, ఉపవాసంలో ఉన్నాను అని. ఆమె కళ్ళు పెద్దవి చేసి, "సౌమ్ కబీర్?" అంది. అరబ్బు క్రైస్తవులు మన లెంటును, అంటే శ్రమదినాలను, అట్లాగే, పెద్ద ఉపవాసం అంటారట. చిన్నప్పుడు వాళ్ళ పక్కింట్లో లెబనాను కుటుంబం ఉండేదట. మర్నాటి నుంచి నా ప్లేటులో పప్పు వచ్చింది. నలభై రోజుల్లో చివరిరోజున! మొదటి రోజే ఆ నాలుగు ముక్కలు చెప్పుంటే సరిపోయేది. ఉపవాసమంటే ఏమిటో వాళ్ళకు నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పు. సిగ్గుపడకు.

చెప్పమన్నానని బోధ మొదలుపెట్టొద్దు. నీ బైబిలు నీ గదిలో చదువుకో, కరపత్రాలు మాత్రం పెట్టెలో పెట్టుకోవద్దు. ముస్లిములకు మతం బోధించడం అక్కడ నేరం. సంఘం పేరు చెప్పి వాట్సాప్‌లో చందాలు వసూలు చేయడం కూడా వద్దు.

సంఘంలో ఇంకో చిక్కు ఉంది. మన ఊర్లో ఒకటే గుడి, ఒకటే పద్ధతి. అక్కడ గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, గోదావరి వాళ్ళు, పెంతెకొస్తు వాళ్ళు అందరూ ఒకే హాల్లో. పాట మనదే, రాగం వేరు. నువ్వు గొంతెత్తేసరికి వాళ్ళు అప్పటికే రెండో చరణంలో ఉంటారు. "వస్తాండా" అంటే నవ్వుతారు. లెంటు అనేది బైబిల్లో ఎక్కడుంది, మనుషులు పెట్టుకున్నదే కదా అని ఒకాయన తప్పకుండా అంటాడు. వాదన పెట్టుకోవద్దు. నేను పెట్టుకున్నాను, రెండు వారాలు ఆయన నన్ను బండిలో ఎక్కించుకోలేదు. ఆ రెండు వారాలు బస్సుల కోసం ఎండకు మాడాక తెలిసింది, ఏ అన్న బండిలో పోతాం, ఏ అన్న బండిలో తిరిగొస్తాం అనేది సిద్ధాంతం కంటే ముందు చూసుకోవాలని. ఈస్టరు ఆదివారం పనిదినం. మా సంఘం తెల్లవారకముందే ఆరాధన పెట్టుకుని, బడి ట్రిప్పుకు అందేటట్టు వదిలేసేది. మన ఊర్లో మాదిరి సమాధుల తోటలో మైనపు వత్తులు ఉండవు. అది ముందే తెలుసుకుని పో.

ఇళ్ళలో పనిచేసే చెల్లెళ్ళకు ఇదంతా చెప్పడం తేలికే, వాళ్ళు శుక్రవారం గడప దాటడమే కష్టం. ఆ రోజు కొడుకులూ కూతుళ్ళూ అందరూ పెద్దావిడ ఇంటికి భోజనానికి వస్తారు, వారంలో పని ఎక్కువ ఉండేది ఆ రోజే. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ళకు వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలంటుంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదంటుంది. శుక్రవారమే కావాలని పట్టుబడితే ఏ సెలవూ రాకపోవచ్చు, అమ్మా. వేరే రోజు అడుగు. రాత్రి పదింటికి ఫోన్లో ప్రార్థన చేసుకునే అక్కలు ఉన్నారు, మన సంఘం వాళ్ళను అడిగితే కలుపుతారు. శ్రమదినాలకు ముందే కలవండి, గుడ్ ఫ్రైడే ముందురోజు కాదు.

ఇంత భయపెట్టాక ఒక మంచిమాట కూడా చెప్పాలి కాబట్టి చెప్తాను. నాలుగో మాట దగ్గర నిద్రపోయిన సంగతి నాకు చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది. సెలవుకు వచ్చినప్పుడు అయ్యగారికి చెప్పాను. ఆయన నవ్వి, "గెత్సేమనే తోటలో యేసు ప్రార్థన చేస్తా ఉంటే ముగ్గురు శిష్యులు నిద్రపోయినారు. వాళ్ళను సంఘంలోంచి తీసేసినారా?" అన్నారు. నాకు ఆ రోజు ఆ జవాబు అంత నచ్చలేదు. నేనేదో పెద్ద మాట చెప్తారనుకున్నాను. అయినా రెండో ఏడు నా శ్రమదినాలు బాగానే గడిచాయి. బండి లేని రోజు చూసుకుని వారానికి ఒక్కపొద్దు, శుక్రవారం కూటం, అంతే.

ఆ పిల్లోడు ఇప్పుడు కుదురుకున్నాడు. టైరు డబ్బులు రెండు నెలల జీతంలో పట్టుకున్నారు. శుక్రవారం ఆరాధనకు కుర్చీలు వేసేది వాడేనట. మొన్న ఫోన్ చేసి, ఈస్టరుకు అమ్మ మసాలా పొడి ఎవరితోనైనా పంపించమన్నాడు. పంపిస్తాం. అందులో గసాలు మాత్రం వేయొద్దని వాళ్ళమ్మకు రెండుసార్లు చెప్పాను. మీరూ పెట్టె సర్దేటప్పుడు చూసుకోండి, గల్ఫ్‌లో గసగసాలు పట్టుకుంటే మత్తుమందు కింద లెక్క. కీర్తనల పుస్తకం చిన్న సైజుది తీసుకుపోండి, పెద్దది బరువు.