గుడ్డలో చుట్టి నిప్పుల్లో పడేసే మాంసం: లోమో అల్ త్రాపో చేసే పద్ధతి

కొలంబియాలో లోమో అల్ త్రాపో అని ఒక వంటకం ఉంది. లోమో అంటే ఇక్కడ బీఫ్ టెండర్‌లాయిన్, నడుము లోపలి వైపు ఉండే మెత్తటి కండ. త్రాపో అంటే మసిగుడ్డ. పేరుకు తగ్గట్టే మాంసాన్ని ఉప్పుతో సహా గుడ్డలో చుట్టి, గ్రిల్ జాలీ కూడా లేకుండా నేరుగా నిప్పుల మీద పడేస్తారు. మొదటిసారి చూసేవాళ్లు ఎవరైనా సరే "అయ్యో, గుడ్డ కాలిపోతోంది" అని కంగారు పడతారు. కాలనివ్వండి. గుడ్డకున్న పనల్లా ఉప్పు గట్టిపడేదాకా దాన్ని మాంసం చుట్టూ పట్టి ఉంచడమే. మాంసం నుంచి ఊరే తడికీ, కింది వేడికీ ఉప్పు గడ్డకట్టి పెంకులా అవుతుంది, ఆ పెంకే గిన్నె, ఆ పెంకే మూత.

ఈ సంగతి బుర్రకెక్కకముందు నేను ఒకసారి చేశాను. గుడ్డ ఎలాగూ కాలిపోయేదేగా అని వదులుగా చుట్టి, రెండు చోట్ల ముడేసి పెట్టేశాను. తిప్పేసరికి ఉప్పంతా ఒక పక్కకి జారిపోయింది. తీసి కోస్తే ఒకవైపు బొగ్గు, ఇంకోవైపు నోట్లో పెట్టలేనంత ఉప్పు.

మాంసం దగ్గర మొదలుపెడదాం. కండలో మధ్య భాగం అడగండి, మొదలు నుంచి చివర దాకా ఒకే మందం ఉంటుంది. అర కిలో నుంచి కిలో దాకా ఏదైనా పర్వాలేదు, ఉడికే టైమ్‌ను తేల్చేది బరువు కాదు, మందం. పైన తెల్లగా మెరిసే పొర ఉంటే కత్తి మొన దాని కిందికి దూర్చి లాగేయండి, అది ఎంత కాల్చినా నమలబడదు. తర్వాత బాగా తుడవండి. చివర సన్నబడి తోకలా ఉంటే లోపలికి మడిచి దారంతో కట్టేయండి.

గుడ్డ నూటికి నూరు శాతం నూలుదే కావాలి. పాలిస్టర్ కలిసిందంటే అది నూలులా కాలదు, కరిగి మాంసానికి అంటుకుంటుంది. ఉతికిన తర్వాత వాసన కోసం వేసే లిక్విడ్‌లు తగలని గుడ్డ అయితే ఇంకా మంచిది, ఆ వాసన ఎక్కడికీ పోదు. దారం కూడా నూలుదే, ప్లాస్టిక్ దారం వద్దు. గుడ్డని నీళ్లలో ముంచి గట్టిగా పిండండి. కొందరు వైన్‌లో తడుపుతారు గానీ, అంత ఉప్పు దాటుకుని ఆ రుచి లోపలికి వెళ్తుందని నాకైతే నమ్మకం లేదు. తడి ఉంటే గుడ్డ భగ్గున అంటుకోదు, ఉప్పు కూడా త్వరగా గడ్డకడుతుంది.

ఉప్పు కల్లుప్పే. మెత్తటి ఉప్పు తడి తగిలితే చాలు కరిగి లోపలికి దిగిపోతుంది. పరిచిన గుడ్డ మీద, అంచులు రెండు మూడు సెంటీమీటర్లు వదిలేసి, అర సెంటీమీటరు మందాన ఉప్పు పోయండి. అర కిలో ముక్కకి రెండు కప్పులు పడుతుంది. చూస్తే గుండె జారుతుంది, కానీ తగ్గించకండి, పలచగా ఉంటే పెంకు కట్టదు. దాని మీద ఒక చెంచాడు ఎండు ఒరెగానో చల్లి, మాంసాన్ని ఒక అంచున పెట్టి చాప చుట్టినట్టు చుట్టండి. చుట్టేటప్పుడు ప్రతి మలుపులో చేత్తో బిగించాలి. రెండు కొసలూ లోపలికి మడిచి మూడు నాలుగు సెంటీమీటర్లకి ఒక కట్టు వేయండి. చేతిలోకి తీసుకుంటే దుంగలా గట్టిగా ఉండాలి, ఊపితే ఉప్పు కదిలిన చప్పుడు రాకూడదు. ఒక్క మాట, ఇది ముందే చుట్టి పెట్టుకునే పని కాదు. ఉప్పు మాంసంలోని నీరు లాగేస్తూనే ఉంటుంది, కాబట్టి నిప్పులు రెడీ అయ్యాకే చుట్టడం మొదలుపెట్టండి.

నిప్పులకి కట్టెబొగ్గు వాడండి, అంటించడానికి కిరోసిన్ లాంటివి వద్దు. ఆరుబయటే చేయాలి, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. మంట పూర్తిగా తగ్గి, బొగ్గుల మీద తెల్లటి బూడిద కప్పి, లోపల ఎర్రగా కణకణలాడుతుండాలి. మూటకన్నా కాస్త వెడల్పుగా, సమంగా పరవండి. పక్కన ఒక బకెట్ నీళ్లు పెట్టుకోండి.

మూటని నిప్పుల మీద పెట్టాక చేతులు కట్టుకుని నిలబడటమే కష్టమైన పని. ముందు ఆవిరి వస్తుంది, తర్వాత గుడ్డ నల్లబడి అంచుల్లో చిన్న మంటలు లేస్తాయి, కమురు వాసన కొడుతుంది. కదపొద్దు. 9 నిమిషాలయ్యాక పొడవాటి పట్టుకారుతో ఒక్కసారి తిప్పండి, నెమ్మదిగా, పెంకు పగలకుండా. రెండో వైపు ఇంకో 8 లేదా 9 నిమిషాలు. లావు ముక్కైతే వైపుకి రెండు మూడు నిమిషాలు ఎక్కువ. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు కాబట్టి థర్మామీటర్ తప్పనిసరి, ఒక కొసనుంచి సూది సరిగ్గా నడిమధ్యకి దింపండి. లోపల గులాబీ రంగు కావాలంటే 50 డిగ్రీల సెల్సియస్‌కి తీసేయాలి, పక్కన పెట్టినా పెంకు వేడికి ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కుతుంది. అయితే అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సురక్షితమైన లెక్క 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాలు పక్కన ఉంచడం. గర్భిణులు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు తింటున్నారంటే ఆ లెక్కే పాటించండి.

తీశాక పది నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత కత్తి వెనక వైపుతో కొడితే పెంకు టప్‌మని పగిలి పెచ్చులుగా ఊడుతుంది. మాంసాన్ని వేరే పలక మీదకి మార్చి, అంటుకున్న ఉప్పు బ్రష్‌తో దులిపి, అప్పుడే కోయండి. అదే పలక మీద కోస్తే రాలిన ఉప్పంతా రసంలో కలిసిపోతుంది. నిప్పుల మీద కాల్చిన మాంసం కదా అని పైన కరకరలాడే పొర కోసం చూడకండి, ఇందులో అది రాదు. బయట బూడిద రంగులో ఏమంత అందంగా ఉండదు, కోస్తే మాత్రం అంచు నుంచి అంచు దాకా దాదాపు ఒకే రంగు, మెత్తగా, రసం ఊరుతూ ఉంటుంది. పక్కన కొత్తిమీర, ఉల్లికాడలు, మిరపకాయ, వెనిగర్ కలిపిన ఆహీ అనే కారం పచ్చడి, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టుకుంటే సరిపోతుంది. వాటిలో ఉప్పు వేయకండి, తిన్నాక కావాలనిపిస్తే చూసుకోవచ్చు.

పగిలిన పెంకుల్ని మాత్రం అలాగే చెత్తబుట్టలో వేసేయొద్దు, నల్లగా చల్లారినట్టే కనబడుతుంది గానీ గుడ్డ పోగుల్లో నిప్పు చాలాసేపు ఉంటుంది. ఆ బకెట్‌లో వేయండి, చుయ్‌మన్న చప్పుడు ఆగాక పారేయండి.