ఆఖరి సెమిస్టర్ మొదలయ్యే లోపే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆఖరి ఏడాది రాగానే అందరి ధ్యాసా ఉద్యోగం మీదో పై చదువు మీదో ఉంటుంది. ఉండాల్సిందే. కానీ ఆ హడావిడిలో కొన్ని చేజారిపోతాయి, అవి పోయిన సంగతి ఏడాది తర్వాత అవసరం పడ్డప్పుడు గానీ తెలియదు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ అడిగితే దొరికేవి బయటికొచ్చాక కాళ్లరిగేలా తిరిగినా దొరకవు. అందుకే ఇవి చివరి వారానికి పెట్టుకోకండి.

నాకు జరిగింది చెప్తాను. ప్రాజెక్టు మొత్తం కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో వచ్చే డ్రైవ్‌లోనే దాచుకున్నాను. కోడ్, రీడింగులు, మా గైడ్ ఎర్ర అక్షరాల్లో దిద్దిన డ్రాఫ్టులు, అన్నీ అక్కడే. కోర్సు అయిపోయిన కొన్ని నెలలకు ఒక ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు చూపించమన్నారు. లాగిన్ అవబోతే అకౌంటే లేదని వచ్చింది. మిగిలింది స్పైరల్ బైండింగ్ చేయించిన ఒక్క కాపీ. అందులో గ్రాఫులన్నీ నలుపు తెలుపులో ఉన్నాయి, ఏ గీత దేనిదో నాకే గుర్తులేదు.

అందుకని మీ పనిని మూడు కాపీలు చేయండి. ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి విడి హార్డ్ డిస్క్‌లో, ఒకటి మీ సొంత మెయిల్ తాలూకు క్లౌడ్‌లో. కాలేజీ మెయిల్‌తో తెరిచిన అకౌంట్లన్నిట్లో ఇప్పుడే సొంత మెయిల్ పెట్టుకోండి, లేదంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చేది ఆ మూసేసిన మెయిల్‌కే. విద్యార్థి లైసెన్సుతో వాడే సాఫ్ట్‌వేర్ ఉంటే ఫైళ్లను పీడీఎఫ్, సీఎస్‌వీ లాంటి రూపాల్లోకి కూడా మార్చి ఉంచుకోండి. గడువు దాటాక అసలు ఫైలు తెరుచుకోకపోవచ్చు.

ఇక కాగితాలు. మొదటి సెమిస్టర్ నుంచి మార్కుల పత్రాలన్నీ వరసగా పరిచి, మీ పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. పాస్‌పోర్టులో ఒకలా, మార్కుల పత్రంలో ఒకలా ఉంటే ఇప్పుడే అర్జీ పెట్టండి. రోజూ ఆ ఆఫీసు ముందు నుంచే క్లాసుకు వెళ్తారు కాబట్టి నాలుగుసార్లు అడగడం మీకు తేలిక. అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకేచోట చూపే ట్రాన్స్‌క్రిప్టులు రెండు మూడు ఎక్కువే తీసుకోండి. ఒరిజినల్స్ పూచీకత్తుగా ఎవరికీ ఇచ్చేయకండి. ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందే డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. బ్యాక్‌లాగ్, అంటే ఇంకా పాసవ్వని సబ్జెక్టు, ఉంటే అన్నిటికన్నా ముందు దాని సంగతి చూడండి, ఇంక వేరే చెప్పక్కర్లేదు.

అందరూ తేలిగ్గా వదిలేసేది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, మాస్టార్లతో పరిచయం. మూడున్నరేళ్లలో నేను ఒక మాస్టారి గదికి వెళ్లింది సంతకం కోసమే. ఆఖరి సెమిస్టర్‌లో ఒకసారి నిజంగా అర్థంకాని సంగతి ఒకటి అడిగాను. ఆయన పాత కాగితం వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో ఒక బొమ్మ గీసి, దాని మీదే బాణాలు వేసుకుంటూ అరగంట చెప్పారు. రెండేళ్లుగా బట్టీపట్టింది ఆ అరగంటలో అర్థమైంది. తలుపు తీసే ఉండేది, నేనే వెళ్లలేదు.

సిఫారసు లేఖ కావాలనుకుంటే గడువుకు కనీసం నెల ముందు మాస్టారిని స్వయంగా కలిసి అడగండి. ‘నా గురించి మంచిగా, వివరంగా రాయగలరా సార్’ అని అడిగితే, కుదరకపోతే కుదరదని చెప్పే వీలు ఆయనకుంటుంది. ఆయన దగ్గర మీరు చేసిన పనులు ఒక పేజీలో రాసివ్వండి. ఏటా వందల మందిని చూసేవారికి ముఖం గుర్తుంటుంది గానీ మీరు ఏ ప్రయోగం చేశారో గుర్తుండదు.

మీ బ్యాచ్ దాటి కూడా పరిచయాలు పెంచుకోండి. మార్క్ గ్రానొవెట్టర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో అచ్చైన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచూ కలిసేవాళ్లమన్నది సుమారు 17 శాతమే. తక్కినవాళ్లకు సాయపడింది అప్పుడప్పుడూ, అరుదుగా కలిసేవాళ్లే. మన జట్టుకు తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటుంది కదా. లైబ్రరీలో రోజూ ఎదురుగా కూర్చునే వేరే బ్రాంచి అమ్మాయిని, పై క్లాసు అబ్బాయిని పలకరించడానికి ఇంతకన్నా తేలికైన చోటు మళ్లీ దొరకదు.

మొదటి జీతం వచ్చేలోపే క్రెడిట్ కార్డు లెక్క తెలుసుకోండి. 72ని ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే, కట్టకుండా వదిలేసిన అప్పు సుమారు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో వస్తుంది. 36 శాతమైతే రెండేళ్లే.

ప్లేస్‌మెంట్ల రోజుల్లో పక్కవాడికి వచ్చి మనకు రాకపోతే నిద్ర పట్టదు, అది సహజమే. కానీ రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, దేని మీదా మనసు నిలవకపోతే కౌన్సెలర్‌ని కలవండి. కాలేజీలోనే కౌన్సెలర్ ఉంటే ఈ వారమే కలవండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

స్నేహితులతో ఒక సాయంత్రం కూడా పరీక్షల ముందే కేటాయించుకోండి. మారని ఫోన్ నంబరు, ఇంటి చిరునామా రాసి తీసుకోండి. ఆఖరి పరీక్ష రోజు కలుద్దాంలే అనుకుంటే కుదరదు. ఆ రోజు సగం మంది బ్యాగు హాలు బయటే పెట్టుకుని వస్తారు, పేపరు ఇచ్చేసి అటునుంచి అటే స్టేషన్‌కి వెళ్లిపోతారు.