ఆర్‌ఎక్స్ 100 కిక్కు విప్పుతున్నారా? ముందు స్ప్రింగును గౌరవించండి

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. ఆ బండికి సెల్ఫ్ స్టార్టు లేదు. ఇప్పటికీ రోడ్డెక్కుతున్న ప్రతి ఆర్‌ఎక్స్ కిక్కు మీదే బతుకుతోంది. తొక్కితే జారడం, తొక్కాక కిక్కు రాడ్డు పైకి రాకపోవడం, ఈ రెండిట్లో ఏది కనిపించినా వానలు పట్టకముందే బాగుచేసుకోండి. బురద రోడ్డు మీద బండిని నెట్టి స్టార్టు చేయడం కంటే ఒక ఆదివారం దీనికి కేటాయించడం మేలు.

ఇంజను కుడివైపు కవరు విప్పడానికి తొందరపడకండి. తాళంచెవి తీసేసి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, రాడ్డును చేత్తో మెల్లగా నొక్కుతూ, అది తొడిగి ఉన్న షాఫ్టు (ఇరుసు) కొనను గమనించండి. రాడ్డు తిరిగినా షాఫ్టు కదలకపోతే తప్పు బయటే ఉంది: బోల్టు వదులైంది, లేదా రాడ్డు లోపలి పళ్ళు అరిగాయి. రాడ్డు మారిస్తే సరిపోవచ్చు. అరిగిన రాడ్డును షాఫ్టుకు వెల్డింగు చేయించడం మాత్రం వద్దు. మా ఇంటి బండికి ఒకరు అలాగే చేసిపెట్టారు. ఆరు నెలల తర్వాత షాఫ్టు చుట్టూ ఆయిలును ఆపే ఆయిల్ సీలు కారితే, కవరు తీయడానికి ఆ వెల్డింగును కోయాల్సి వచ్చింది, దానితో షాఫ్టూ పోయింది. వంద రూపాయలు మిగిలాయనుకుంటే వేలల్లో వదిలింది.

షాఫ్టు తిరుగుతున్నా ఇంజను కదలకపోతే, లేదా తొక్కిన రాడ్డు పైకి రాకపోతేనే లోపలికి వెళ్ళాలి. ఇంజను, సైలెన్సరు పూర్తిగా చల్లారాలి. సైలెన్సరు కుడివైపే, మీ మోచేతికి దగ్గరగా ఉంటుంది. గేరు ఆయిలు దించండి. కవరు స్టార్ స్క్రూలు ఏళ్ళ తరబడి బిగిసిపోయి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవరుతో కుస్తీ పడితే తలలు అరిగిపోతాయి. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు వాడండి. కవరు అంటుకుపోతే సందులో స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తవద్దు. అల్యూమినియం మీద పడిన గాటు తర్వాత ఆయిలు కారే దారి అవుతుంది. చెక్క అడ్డంపెట్టి చుట్టూ తట్టండి. ఊడి వచ్చిన కవరు లోపలివైపు ఒక్కోసారి వాషరు అంటుకుని ఉంటుంది, అది ఎక్కడిదో చూసుకోండి. అడుగడుగునా ఫోనుతో ఫొటో తీసుకోండి.

అసలు ప్రమాదం రాడ్డును పైకి లాగే స్ప్రింగుతో. అది బిగువులో ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, నోస్ ప్లయరుతో కొనను గట్టిగా పట్టి, మెల్లగా వదులు చేయాలి. వేళ్ళతో పట్టుకుంటే గోటి కింద చీరేస్తుంది. దాని ఎదురుగా ముఖం పెట్టవద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు.

ఈ షాఫ్టు మీది గాళ్ళు స్క్రూ మీది మరలాగా మెలితిరిగి ఉంటాయి. తొక్కగానే షాఫ్టు మీది కిక్కు గేరు ఆ మెలిక వెంట పక్కకు జరిగి, తిప్పును ఇంజనుకు అందించే ఐడిల్ గేరును పట్టుకుంటుంది. కాలు తీస్తే వెనక్కి వస్తుంది. గేరును కాస్త పట్టి ఆపేది ఒక చిన్న క్లిప్పు. దాని తోక ఇంజను పెట్టె అయిన క్రాంక్‌కేసులోని గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే గేరు జరగదు, షాఫ్టుతోపాటే ఊరికే తిరుగుతుంది. క్లిప్పు సడలిపోయినా అదే జరుగుతుంది. కొత్త గేరు వేసినా కిక్కు జారుతోందని బాధపడేవారు చాలాసార్లు ఈ క్లిప్పునే చూడరు. ఐడిల్ గేరు తీసి ఉంటే దాన్ని ఊడకుండా పట్టే పాత సర్క్లిప్పు (రింగు క్లిప్పు) తిరిగి వాడవద్దు.

బిగించేటప్పుడు స్ప్రింగు బయటి కొనను తొక్కే దిశకు ఎదురుగా లాగి కొక్కేనికి తగిలించాలి. తర్వాత కవరు మూయకముందే రాడ్డును తాత్కాలికంగా తొడిగి చేత్తో నాలుగైదు సార్లు తిప్పండి. వదిలిన ప్రతిసారీ అది దానంతటదే పైకి రావాలి. బద్ధకంగా వస్తే మళ్ళీ విప్పండి, "తర్వాత సర్దుకుంటుంది" అనుకోవద్దు. రాని కిక్కుతో బండి నడిపితే తిరిగే ఇంజనులో గేరు పళ్ళు రాసుకుంటాయి. రాడ్డు కిందికి వేలాడితే కుడి మలుపులో నేలకు తగులుతుంది.

కవరు ఎక్కించే ముందు షాఫ్టు పళ్ళకు సన్నని టేపు చుట్టి గ్రీజు పూయండి. లేకపోతే కొత్త ఆయిల్ సీలు అంచును ఆ పళ్ళే కోస్తాయి. కవరుకూ ఇంజనుకూ మధ్య ప్యాకింగు కొత్తది వేయండి. స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి.

ఆయిలు పోయడం మరచిపోయి స్టార్టు చేసినవారున్నారు, కాబట్టి డబ్బాను సీటు మీదే పెట్టుకోండి. పెట్రోలులో కలిపే టూ టీ ఆయిలు వేరు, గేరుబాక్సులో పోసేది వేరు. క్లచ్ ప్లేట్లు గేరుబాక్సు ఆయిల్లోనే మునిగి ఉంటాయి, అవి జారకుండా ఉండాలంటే కారు ఇంజను ఆయిలు పోయవద్దు.

మొదటిసారి బూటు వేసుకుని తొక్కండి, చెప్పులతో వద్దు. పది పదిహేను కిక్కుల తర్వాత రాడ్డు బోల్టును మరోసారి బిగించండి. రాత్రి బండి కింద పాత కాగితం పరచి, పొద్దున్నే మరక పడిందేమో చూడండి.