ఊళ్ళో ఏటి గట్టును మళ్ళీ పచ్చగా చేయడం ఎలా?

ఏటి గట్టు బాగుచేద్దాం అనుకోగానే అందరూ ముందు నర్సరీకి వెళ్తారు. మేమూ అలాగే వెళ్ళాం. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున జూలైలో కానుగ, వేప కలిపి 60 మొక్కలు పెట్టి, ఫొటోలు దిగి, టీ తాగి ఇంటికొచ్చాం. ఆగస్టులో ఒక్క రాత్రి ఏరు పొంగింది. తెల్లారి వెళ్తే ట్రీగార్డులు కూడా లేవు. తమాషా ఏమిటంటే, ముందురోజు మా ఊళ్ళో చినుకు పడలేదు.

నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతులను కలుపుకుని మన దగ్గరికి వస్తుంది. మొత్తం 256 కిలోమీటర్ల దారిలో మనం దాదాపు చివర్న ఉన్నాం. ఎక్కడో పైన కురిసిన వాన మన ఊళ్ళోకి ఎండ కాస్తుండగా వస్తుంది. అందుకే నాటే ముందు చేయాల్సిన పని వేరే ఉంది.

ముందు వరద గీత వెతకండి

వరద తీసిన వారంలోపు గట్టు మీద నడవండి. తుమ్మ కొమ్మలకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు, గోడల మీద ఎండిన బురద చార, వీటి ఎత్తే ఏరు వచ్చిన ఎత్తు. పక్కింటి పెద్దవాళ్ళను అడిగితే పాత వరదల ఎత్తు కూడా చెబుతారు. గోడ మీదో స్తంభం మీదో ఆ ఎత్తున రంగుతో గీత గీయండి, అదే వరద గీత. చెట్లన్నీ ఆ గీతకు పైనే. కింద గడ్డి, పొదలు మాత్రమే. ఇసుక మేట మీద మాత్రం ఏమీ పెట్టకండి, అది ఏటిది.

ఏటి పోరంబోకు ప్రభుత్వ భూమి. మీరు ఎంచుకున్న వంద మీటర్ల స్కెచ్ జతచేసి నగరపాలక సంస్థ కమిషనర్‌కి, తహసీల్దారుకి, జలవనరుల శాఖ ఇంజినీరుకి దరఖాస్తు ఇచ్చి, అనుమతి కాగితం చేతికొచ్చాకే గునపం పట్టుకోండి.

తర్వాత మురుగు

గట్టు ఎంత పచ్చబడినా పక్కనే మురుగు కాలువ దిగుతుంటే అక్కడ ఎవరూ కూర్చోరు. చిన్న వీధి కాలువకైతే దారి ఉంది. చెత్త ఆగడానికి ఇనప జాలీ, మడ్డి దిగడానికి ఒక గుంట, ఆపైన కంకర నింపిన మడిలో జమ్ము గడ్డి. జమ్ము వేళ్ళు, కంకరకు పట్టిన సూక్ష్మజీవులు మురికిని చాలావరకు తినేస్తాయి. మనిషికి 2 చదరపు మీటర్ల చొప్పున లెక్క వేసుకోండి. 20 ఇళ్ళలో 80 మంది అంటే 160 చదరపు మీటర్లు, అదీ వరద గీతకు పైన. ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది, ఊరంతటి మురుగు మన చేతిలో పని కాదని. దానికి శుద్ధి కేంద్రం కావాలని అర్జీ పెట్టడమే మన వంతు.

గుర్రపు డెక్కను పువ్వు రాకముందే లాగేయండి. లాగినదాన్ని ఒడ్డునే కుప్ప పోస్తే వరదకి మళ్ళీ ఏట్లోకే పోతుంది. దూరంగా ఎండబెట్టి కంపోస్టు చేయండి.

ఇప్పుడు నాటండి

గీతకు పైన నీరుమద్ది, నేరేడు, కానుగ. ఐదేసి మీటర్ల దూరంలో, తొలకరి పడగానే. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు అంటగడతారు, వద్దనండి.

గీతకు కింద వట్టివేరు, మధ్యమధ్య వావిలి. ఇక్కడ నాటే నెల మార్చాలి. తొలకరికి కాదు, తుఫాన్ల కాలం దాటాక డిసెంబరులో నాటాలి. వేసవంతా నీళ్ళు మోయాల్సిందే, తప్పదు. కానీ జూలై వరద వచ్చేసరికి వేళ్ళు పట్టు దొరకబుచ్చుకుంటాయి. వట్టివేరు పిలకలను జానెడు ఎత్తుకి కత్తిరించి, 10–15 సెంటీమీటర్ల ఎడంలో, గట్టు వాలుకు అడ్డంగా వరస పెట్టండి. నిలువుగా పెడితే వాన నీరు ఆ సందుల్లోంచే మట్టిని కోసుకుపోతుంది. ముదిరిన వట్టివేరు రెండు మూడు మీటర్ల లోతుకి దిగుతుంది.

రేవుకి దారి వదలడం మరవకండి. కోటేశ్వరాలయం దగ్గర కార్తీక స్నానాలకు వచ్చేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, చవితికి వినాయకుణ్ణి మోసుకొచ్చే కుర్రాళ్ళు, వీళ్ళ దారికి అడ్డంగా ఏది పెట్టినా వారంలో తొక్కుడుకి పోతుంది.

తొలి వరద తీశాక మళ్ళీ వెళ్ళి వరసలో ఎక్కడ ఖాళీ పడిందో చూడండి. ఏడాది తిరిగిన వట్టివేరు కుదురును పెకలించి చీలిస్తే పిలకలు బోలెడు వస్తాయి. డిసెంబరులో ఆ ఖాళీలకు అవే సరిపోతాయి, మళ్ళీ కొనక్కర్లేదు.